సైకిల్ చైన్ కట్టర్: ఏది కొనాలి, ఎలా వాడాలి, ఎలా చూసుకోవాలి?

పొద్దున్నే బడికి టైమవుతోంది. పిల్లాడు పుస్తకాల సంచి తగిలించుకుని సైకిలెక్కాడు. వీధి చివర ఎత్తు దగ్గర లేచి నిలబడి పెడల్ గట్టిగా తొక్కాడు. టక్కున చైన్ ఊడింది. కాలు ఖాళీలోకి జారింది, ఒళ్లు హ్యాండిల్ మీద పడింది, మోకాలు రోడ్డుకు గీరుకుంది. తీరా చూస్తే చైన్ ఊడిన చోటు నిన్నగాక మొన్న ఇంట్లో సుత్తి, మేకు పెట్టి కలిపిన లింకే.

సైకిల్ ఉన్న ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. ఫ్యాక్టరీలో బిగించిన లింకులు మామూలుగా తొందరగా ఊడవు. చేత్తో విప్పి మళ్లీ కలిపిన చోట కాస్త తేడా ఉన్నా, బరువు పడగానే ముందు ఊడేది అదే. ఆ ఒక్క లింకు సరిగ్గా కలవాలంటే కావాల్సింది అరచేతిలో పట్టే చిన్న పనిముట్టు. దుకాణాల్లో దాన్ని చైన్ కట్టర్ అంటారు, కొందరు చైన్ బ్రేకర్ అంటారు. పేరులో ‘కట్టర్’ ఉన్నా అది దేన్నీ కోయదు. లింకులోని పిన్నును తిన్నగా బయటికి నెడుతుంది, మళ్లీ తిన్నగా లోపలికి నెడుతుంది. అంతే దాని పని. అయితే ఆ ‘తిన్నగా’ అన్న మాటలోనే అసలు విషయమంతా ఉంది.

చైన్ లోపల ఏముంటుంది?

సైకిల్ చైన్‌ను దగ్గరగా చూస్తే ఒక లోపలి జత పలకలు, ఒక బయటి జత పలకలు వరుసగా కనిపిస్తాయి. మధ్యలో తిరిగే చిన్న రోలర్లు, వాటి గుండా వెళ్లే పిన్నులు ఉంటాయి. పక్కపక్క పిన్నుల మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. పిల్లల సైకిలైనా, ఖరీదైన గేర్ల సైకిలైనా ఈ కొలత మారదు. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన హన్స్ రెనాల్డ్ 1880లో మాంచెస్టర్‌లో ఈ తరహా రోలర్ చైన్‌ను తయారుచేశాడు. ఇవాళ మన వీధుల్లో తిరిగే సైకిళ్ల చైన్‌లన్నీ దాని సంతతే.

పిన్ను లోపలి పలకల్లో వదులుగా తిరుగుతుంది, బయటి పలకల రంధ్రాల్లో మాత్రం బిగువుగా కూర్చుంటుంది. బయటి పలక ఊడకుండా పట్టి ఉంచేది ఆ బిగువే. పిన్నును వంకరగా కొడితే రంధ్రం సాగుతుంది, బిగువు పోతుంది. పైకి చూడ్డానికి లింకు బాగానే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడో, వెనక సీటు మీద ఇంకొకరిని కూర్చోబెట్టుకున్నప్పుడో దాని అసలు రంగు బయటపడుతుంది.

మరి ఉస్తాద్ సుత్తితోనే కొడతాడుగా?

నిజమే. మన బస్తీల్లో పాతకాలం సైకిల్ ఉస్తాద్‌లు చాలామంది కట్టర్ ముట్టుకోకుండానే పని కానిచ్చేస్తారు. రంధ్రం ఉన్న ఇనుప దిమ్మె మీద చైన్ ఆనించి, సరైన లావు పంచ్ పెట్టి, సుత్తితో లెక్కగా రెండు దెబ్బలు వేస్తారు. ఆ దెబ్బ వెనక ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. ఎంత కొట్టాలో, ఎక్కడ ఆపాలో వాళ్ల చేతికి తెలుసు.

ఇంట్లో మనం గచ్చు మీద రాయి పెట్టి, మేకుతో కొట్టడం అలాంటిది కాదు. మేకు జారితే పలక వంగుతుంది, లేదా వేలు నలుగుతుంది. దగ్గర్లో మంచి ఉస్తాద్ ఉంటే ఆయన దగ్గరికే వెళ్లడం మేలు. దుకాణం దూరమైనవాళ్లకు, రోజూ సైకిల్ మీదే పనికెళ్లేవాళ్లకు, ఇంట్లో రెండు మూడు సైకిళ్లు ఉన్నవాళ్లకు సొంత కట్టర్ పనికొస్తుంది.

కొనేముందు: అసలు అవసరమా?

గేర్లు లేని మామూలు సైకిళ్లలో చాలావాటికి చైన్ లాక్ ఉంటుంది. ఒక లింకు మీద చేప ఆకారంలో చిన్న క్లిప్ కనిపిస్తుంది. పట్టకారుతో ఆ క్లిప్‌ను జాగ్రత్తగా జరిపితే చైన్ విడిపోతుంది. చైన్ కడగడానికి, చక్రం విప్పడానికి ఇది చాలు, కట్టర్ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూల్ ఆడపిల్లలకు ఇచ్చినలాంటి మామూలు సైకిల్ ఇంట్లో ఉంటే ముందు ఈ క్లిప్ ఉందేమో వెతకండి.

క్లిప్ తిరిగి పెట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. దాని మూసి ఉన్న కొస చైన్ కదిలే దిశకు ఉండాలి, చీలిక ఉన్న కొస వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి క్లిప్ ఊడిపోవచ్చు.

క్లిప్ లేని చైన్ విప్పాలన్నా, కొత్త చైన్ పొడవు తగ్గించాలన్నా, వంగిన లింకు తీసేయాలన్నా మాత్రం కట్టర్ కావాల్సిందే.

కొనేటప్పుడు చూడాల్సినవి

మొదటిది, మీ చైన్ వెడల్పు. గేర్లు లేని సైకిల్ చైన్ లోపలి వెడల్పు 1/8 అంగుళం, గేర్ల సైకిల్‌ది అంతకంటే సన్నం, 3/32 అంగుళం లేదా ఇంకా తక్కువ. వెనక 6, 7, 8 పళ్ల చక్రాలున్న సైకిల్ చైన్ బయటి వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. 11 చక్రాలున్నదానికి అది దాదాపు 5.5 మిల్లీమీటర్లే. సన్న చైన్‌ల కోసం చేసిన కట్టర్‌లో మామూలు సైకిల్ చైన్ దూరకపోవచ్చు. వెడల్పు గాడి ఉన్న కట్టర్‌లో సన్న చైన్ అటూ ఇటూ ఊగుతుంది, పిన్ను వంకరపోతుంది. కట్టర్ ప్యాకెట్ మీద ఎన్ని స్పీడ్‌ల చైన్‌కు పనికొస్తుందో రాసి ఉంటుంది, అది చదవండి. ‘21 గేర్లు’ అంటే ముందు 3, వెనక 7. చైన్‌కైనా కట్టర్‌కైనా లెక్కలోకి వచ్చేది వెనకున్న ఆ 7.

రెండోది, మొన. పిన్నును నెట్టే సన్నని ఉక్కు కడ్డీనే ఇక్కడ మొన అంటున్నాం. కట్టర్‌లో ముందు పాడయ్యేది అదే. దాన్ని విప్పి కొత్తది వేసుకునే వీలుందా, విడిగా దొరుకుతుందా అని అడగండి. వీలు లేకపోతే మొన విరిగిన రోజు కట్టర్ మొత్తం పారేయాల్సిందే.

మూడోది, మొన తిన్నగా ఉందా లేదా. కొట్లోనే పిడి తిప్పి చూడండి. మొన తిరుగుతూ గుండ్రంగా ఊగుతుంటే వద్దనండి. గాడిలోని రంధ్రానికి ఎదురుగా, సరిగ్గా మధ్యలోకి రావాలి.

నాలుగోది, పిడి. ఇంట్లో వాడటానికి పొడవు పిడి ఉన్నది మంచిది, తక్కువ బలంతో తిరుగుతుంది. దారిలో పనికి రావాలంటే జేబులో పట్టే చిన్నది చాలు, కాకపోతే చేతికి శ్రమ ఎక్కువ.

ఐదోది, రెండో గాడి. కొన్ని కట్టర్లలో చైన్ కూర్చోబెట్టడానికి రెండు గాడులుంటాయి. పిడికి దూరంగా ఉన్నది పిన్ను నెట్టడానికి, దగ్గరగా ఉన్నది బిగుసుకుపోయిన లింకును కాస్త వదులు చేయడానికి. రెండూ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.

వాడే పద్ధతి

పని మొదలుపెట్టే ముందు చైన్ మీది మట్టి తుడవాలి. తుప్పు పట్టిన పిన్ను అయితే ఒక చుక్క ఆయిల్ వేసి కాసేపు ఆగాలి. కంటికి అద్దాలు పెట్టుకోవడం మంచిది. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లల చేతికి ఇది ఇవ్వకూడదు.

చైన్‌ను పిడికి దూరంగా ఉన్న గాడిలో అడుగుదాకా ఆనేలా కూర్చోబెట్టాలి. పిడి తిప్పుతూ మొన చైన్ పిన్నుకు తగిలేదాకా తెచ్చి ఆపాలి. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడాలి, మొన సరిగ్గా పిన్ను నడిమధ్యలో ఉందా? ఈ పది సెకన్ల ఓపికే పనిని నిలబెడుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా తిప్పాలి. మొదట గట్టిగా ఉంటుంది, పిన్ను కదలగానే కాస్త తేలికవుతుంది. ఎంత తిప్పినా కదలకపోతే బలం పెంచకండి. వెనక్కి తిప్పి, వరస తప్పిందేమో చూసి మళ్లీ మొదలుపెట్టండి. పిడికి పానా తగిలించి తిప్పితే విరిగేది మొనే.

గేర్లు లేని పాత తరహా చైన్‌లో అదే పిన్నుతో మళ్లీ కలపాలనుకుంటే, దాన్ని పూర్తిగా బయటికి తోసేయకూడదు. అవతలి బయటి పలకలో కొద్దిగా మిగిలేలా ఆపాలి. అందుకే పని చివర్లో అర చుట్టు తిప్పడం, చైన్ వంచి విడిపోతుందేమో చూడటం, మళ్లీ అర చుట్టు తిప్పడం. పిన్ను మొత్తం బయటపడితే దాన్ని చేత్తో తిరిగి దూర్చడం మహా కష్టం.

తిరిగి కలిపేటప్పుడు బయటికి పొడుచుకొచ్చిన పిన్ను కట్టర్ మొన వైపు ఉండేలా చైన్ పెట్టాలి. పలకల రంధ్రాలన్నీ ఒకే వరసలోకి వచ్చాకే తిప్పాలి. పిన్ను రెండు వైపులా సమానంగా బయటికి కనిపించాలి, పక్క లింకుల పిన్నులతో పోల్చి చూసుకోవాలి. ఒక వైపు లోపలికి ఉండిపోయిందంటే ఆ లింకు నమ్మదగ్గది కాదు.

గేర్ల సైకిల్ సంగతి వేరు. సన్నని చైన్‌ల పిన్నుల కొసలు ఫ్యాక్టరీలోనే నొక్కి వెడల్పు చేసి ఉంటాయి. ఒకసారి బయటికి తోస్తే ఆ పట్టు పోతుంది. వాటిలో పాత పిన్ను మళ్లీ వాడకూడదు. ఆ చైన్‌కు సరిపోయే క్విక్ లింక్ గానీ, కంపెనీ ఇచ్చే కొత్త పిన్ను గానీ వేయాలి.

కలిపాక లింకును వేళ్లతో వంచి చూడండి. బిగుసుకుపోయి ఉంటే రెండు చేతులతో పట్టుకుని పక్కలకు కొద్దిగా వంచితే తరచూ వదులవుతుంది. చివరగా పెడల్ వెనక్కి తిప్పి చైన్ మొత్తం ఒక చుట్టు వచ్చేలా చూడండి. ఆ సమయంలో వేళ్లు చైన్ దగ్గర ఉంచొద్దు. ముందు మీరే ఖాళీ వీధిలో తొక్కి చూసి, తర్వాతే పిల్లాడికి ఇవ్వండి.

‘చైన్ సాగింది, ఒక లింకు తీసేయ్’

కట్టర్ చేతికొచ్చాక ఎక్కువమంది చేసే పొరపాటు ఇది. చైన్ వేలాడుతుంటే ముందు చేయాల్సింది వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని సమానంగా వెనక్కి జరపడం. కింది వరస మధ్యలో చైన్ పైకీ కిందికీ అర అంగుళం కదిలితే చాలు. జరపడానికి చోటు అయిపోయాకే లింకు సంగతి. అప్పుడు కూడా ఒక లోపలి జత, ఒక బయటి జత కలిపి అంగుళం తీయాలి, లేకపోతే కొసలు కలవవు.

దానికంటే ముందు స్కూలు పిల్లల పన్నెండు అంగుళాల స్కేలు తెచ్చి చైన్ కొలవండి. ఒక పిన్ను మధ్య సున్నా దగ్గర పెడితే, కొత్త చైన్‌లో ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గరికి వస్తుంది. అది 1/16 అంగుళం, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటిందంటే చైన్ అరగడం మొదలైనట్టు. గేర్ల సైకిల్ అయితే కొత్తది వేయాల్సిన టైమొచ్చింది. గేర్లు లేని సైకిల్ కూడా 1/8 అంగుళం దాటనివ్వకూడదు. ఉక్కు పలకలు రబ్బరులా సాగవు. పిన్నులు, అవి తిరిగే చోట్లు అరిగి ఒక్కో లింకులో కాస్త ఖాళీ ఏర్పడుతుంది. ఒక లింకు తీసేసినా మిగిలిన లింకుల అరుగుదల అలాగే ఉంటుంది. ఆ చైన్ పళ్ల చక్రాలను కూడా తినేస్తుంది.

డబ్బు లెక్కలో చూద్దాం. ధరలు ఊరినీ దుకాణాన్నీ బట్టి మారతాయి, లెక్క కోసం చైన్ 300, ఫ్రీవీల్ 250, ముందు పళ్ల చక్రం 450, మజూరీ 150 రూపాయలు అనుకుందాం. చైన్ వేళకు మీరే మారిస్తే ఖర్చు 300. లింకులు తీస్తూ నెట్టుకొస్తే, చివరికి అన్నీ కలిపి 1,150. మధ్యలో పిల్లాడు పడితే ఆసుపత్రి బిల్లు ఈ లెక్కలో లేదు.

కట్టర్‌ను ఎలా చూసుకోవాలి?

వాడిన ప్రతిసారీ గాడిలోని మట్టి, జిడ్డు పాత టూత్‌బ్రష్‌తో తీసేయాలి. చిన్న ఇసుక రేణువు ఉన్నా చైన్ ఎత్తుగా కూర్చుని వరస తప్పుతుంది. మరల మీద అప్పుడప్పుడు కొంచెం గ్రీజు రాయాలి, పిడి తేలిగ్గా తిరుగుతుంది, మరలు అరగవు. మొన కొస చదునుగా ఉందో లేదో చూడాలి. పుట్టగొడుగులా విచ్చుకున్నా, వంగినా దాన్ని మార్చేయాలి. వంగిన మొనను సుత్తితో సాపు చేసి వాడితే మళ్లీ వంగుతుంది, పోతూ పోతూ చైన్‌ను కూడా పాడుచేస్తుంది.

పని అయ్యాక మొనను వెనక్కి తిప్పి గాడిలోంచి పూర్తిగా బయటికి తీసి పెట్టాలి. వానాకాలంలో ఆయిల్ గుడ్డలో చుట్టి డబ్బాలో దాచాలి. అదే డబ్బాలో ఒక చైన్ లాక్ లేదా క్విక్ లింక్, చిన్న ఆయిల్ సీసా, ఒక గుడ్డముక్క ఉంటే దారి మధ్యలో ఎవర్నీ అడగక్కర్లేదు.

ప్రతి ఇంట్లో ఒకటి ఉండాల్సినంత వస్తువేం కాదిది. గల్లీలో నాలుగిళ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. అయితే ఎవరు తీసుకెళ్లినా తిరిగిచ్చేటప్పుడు తుడిచి, మొన చూసి ఇవ్వాలి. ఆ తర్వాత దాంతో కలిపే లింకు పక్కింటి పిల్లాడి సైకిల్‌ది కావచ్చు.