గిరాకీ ఎంతమంది? గల్లాలో ఎంత?



నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లనివాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? ఏటా జనవరి ఒకటిన మొదలై నెలన్నర సాగే ఆ సందట్లో ఓ గాజుల దుకాణం ఉందనుకోండి. ఆగి చూసినవాళ్లు రెండువందల మంది. తొడిగించుకుని, ధర అడిగి, "మళ్లీ వస్తాం" అన్నవాళ్లు ఎనభై మంది. కొన్నవాళ్లు ముప్ఫై మంది. అందులో ఇద్దరిది అరువు! ఇక "ఇవాళ గిరాకీ ఎంతమంది?" అంటే అతనేం చెప్పాలి? ఏ అంకె చెప్పినా అబద్ధం కాదు. కాని తనకు పెట్టుబడి పెట్టిన మనిషితో నిన్న ముప్ఫై అని, ఇవాళ రెండువందలని చెప్పాడనుకోండి, ఆ అమాయకుడు వ్యాపారం పుంజుకుందని సంబరపడిపోతాడు.

నాంపల్లి దుకాణదారు గిరాకీ అనేదాన్నే పెద్ద కంపెనీలు కస్టమర్లు అంటాయి. వాటాలు అమ్ముకున్న కంపెనీ మూడు నెలలకోసారి స్టాక్ ఎక్స్ఛేంజికి ఫలితాలు చెప్పాలి. దాంతోపాటు మాకు ఇన్ని లక్షల మంది కస్టమర్లు అని ఘనంగా ఓ ప్రకటన కూడా ఇస్తుంది. అబిడ్స్ జీపీవోలో పొదుపు పుస్తకం రాయించుకునే మన ఇళ్లలోకి ఇప్పుడు మ్యూచువల్ ఫండ్లు, వాటాలు కూడా వచ్చాయి గదా, అందుకే ఈ అంకెల సంగతి మనమూ తెలుసుకోవాలి.

మన సెల్‌ఫోన్లనే తీసుకోండి. ఇంట్లో నలుగురుంటే ఆరు సిమ్ములు, వాటిలో రెండు డ్రాయరులో పడి ఉంటాయి. కంపెనీ లెక్కకి ఆ రెండూ చందాదారులే. అందుకే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతి నెలా రెండు లెక్కలు ఇస్తుంది. మొత్తం చందాదారులెందరన్నది ఒకటి, నిజంగా వాడుకలో ఉన్నవాళ్లెందరన్నది రెండోది. రెండూ ఎప్పుడూ ఒకటి కావు.

అమెరికాలో ట్విట్టర్ అనే కంపెనీ ఇంకో చిత్రం చేసింది. రోజూ వచ్చే వాడకందార్ల లెక్కను మూడేళ్లపాటు ఎక్కువ చేసి చెప్పామని 2022 ఏప్రిల్‌లో తనే ఒప్పుకుంది. ఒకే మనిషి రెండు మూడు ఖాతాలను కలిపి పెట్టుకుంటే, ఒక ఖాతాలో పని చేసినా అన్నీ పనిచేసినట్టు లెక్క కట్టారట. 2021 చివరికి ఆ తేడా సుమారు 19 లక్షలు. ఒక్కావిడ మూడు పేర్లతో చీటీలు వేస్తే ముగ్గురు ఆడవాళ్లని రాసుకున్నట్టు లేదూ?

మరి మనం ఏం చూడాలి? పాలవాడి కార్డు చూసుకున్నట్టే నాలుగైదు ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని, అంకె కంటే ముందు దాని పక్కనున్న మాట చదవండి. కిందటిసారి "వాడుకలో ఉన్న కస్టమర్లు" అన్నవారు ఈసారి "నమోదైన కస్టమర్లు" అంటే అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. తర్వాత ఆదాయం. గిరాకీ పెరిగి రాబడి ఉన్నచోటే ఉంటే ఎందుకని అడగాలి. ఆపైన కస్టమర్ల దగ్గర్నుంచి రావలసిన బాకీలు. అమ్మకాల కంటే బాకీలు వేగంగా పెరుగుతుంటే గాజులన్నీ అరువుకే పోతున్నాయన్నమాట. పైగా కస్టమర్ల సంఖ్య మామూలుగా ఆడిటరు సంతకం పెట్టే పట్టీలో ఉండదు. అది కంపెనీ తన నోటితో చెప్పుకునే మాట.

ఇన్ని చూసినా చాలని సందర్భం ఒకటి మన హైదరాబాదులోనే జరిగింది. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ తనకు ఆరువందలకు పైబడి కస్టమర్లున్నారని చెప్పుకునేది. 2009 జనవరి 7న, అంటే నుమాయిష్ మొదలైన వారానికి, ఛైర్మన్ బి. రామలింగరాజు తన బోర్డుకి ఉత్తరం రాశారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 2,700 కోట్ల రాబడి చూపాం, నిజంగా వచ్చింది 2,112 కోట్లు అన్నారు. వ్యాపారం మీద మిగులు 649 కోట్లుగా చూపినది అసలు 61 కోట్లేనట. బ్యాంకుల్లో ఉందన్న సొమ్ములో 5,040 కోట్లు లేనేలేవు. అంతకు ముందురోజు 179 రూపాయలున్న వాటా ఆ సాయంత్రానికి 40కి దిగింది.

లేని రాబడి ఎలా పుట్టింది? సీబీఐ లెక్కపెట్టిన దొంగ బిల్లులు 7,561. వాటిలో కొన్ని అసలు లోకంలోనే లేని ఏడుగురు కస్టమర్ల పేర రాసినవి. ఈ బిల్లులు తక్కిన విభాగాలవారి కంటపడకుండా కంప్యూటర్లోనే దాచే ఏర్పాటు ఉండేది. లేకపోతే ఎవరో ఒకరు బిల్లు తీసుకెళ్లి కస్టమరు చేతిలో పెట్టి డబ్బడిగేవారు గదా! డబ్బు వచ్చినట్టు చూపడానికి బ్యాంకు కాగితాలూ, ఫిక్సెడ్ డిపాజిట్ రశీదులూ కూడా దొంగవే.

ఉన్నమాట చెప్పాలంటే, ప్రకటనలు ఎన్నిసార్లు చదివినా మనబోటివాళ్లం దీన్ని పట్టుకోలేకపోయేవాళ్లం. అంకెలన్నీ ఒకదానికొకటి పొందిగ్గా అమరాయి. 2008 సెప్టెంబరులో మంచి నిర్వహణకని గోల్డెన్ పీకాక్ బహుమతి కూడా ఇచ్చారు! అంకెలు పొసగకపోతే అడగాల్సిందే, కాని పొసిగాయి గదా అని ఇల్లంతటి పొదుపూ ఒక్క కంపెనీలోనే పెట్టడానికి నాకైతే చేతులు రావు.

నుమాయిష్ మైదానానికి పెద్ద దూరంలేని నాంపల్లి కోర్టుల్లో ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీలు మీద మరుసటి నెలలోనే ఆ శిక్ష నిలిచిపోయి బెయిలు దొరికింది. అమెరికాలో ఆ వాటాలు కొన్నవాళ్లు అందరూ కలిసి దావా వేస్తే 12.5 కోట్ల డాలర్లు ఇస్తామని కంపెనీ 2011లో ఒప్పుకుంది. ఇక్కడి వాటాదారులకు అటువంటి పరిహారమేదీ అందలేదు. 2009లో కంపెనీని టెక్ మహీంద్రా తీసుకుంది. 2013లో రెండూ కలిసిపోయినప్పుడు, అప్పటిదాకా అమ్మకుండా ఉంచుకున్నవాళ్లకి ప్రతి 17 సత్యం వాటాలకూ 2 టెక్ మహీంద్రా వాటాలు ఇచ్చారు.