వేపచెట్టు కింద గుంట

మా హనుమంతునిపాడులో తెలిసినవాళ్లింట ఒక జోనంగి కుక్క ఉంది. ఏడాది నిండలేదు. వచ్చిన నెలకే వేపచెట్టు కింద మోకాటి లోతు గుంట తవ్వింది. పూడిస్తే మళ్లీ తవ్వింది. "దీనికి పిచ్చన్నా" అంటూ ఇంటాయన గొలుసు ఇంకా పొట్టి చేశాడు. ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశాను. మే నెల మిట్టమధ్యాహ్నం, పైన నేల కాలిపోతోంది, లోపలి మట్టి చల్లగా ఉంది.

అది పిచ్చి కాదు, దాని జాతి గుణం. జోనంగి మన కోస్తా కుక్క. కొల్లేరు చుట్టుపక్కల బాతులు మేపేవాళ్ల వెంట తిరిగి, వందల బాతుల్ని చెదరకుండా తోలేది. పొట్టి వెంట్రుకలు, ముడతలు పడ్డ నుదురు, వీపు మీదికి చుట్టుకున్న తోక. మామూలుగా మొరగడం కంటే సాగదీసి కూత పెట్టడం దీనికి అలవాటు. గుంట తవ్వుకుని అందులో పడుకోవడమూ అంతే. కొల్లేట్లో చేపల చెరువులు పెరిగాక బాతుల మేపకం తగ్గింది, దాంతో కుక్క పనీ పోయింది. ఒంట్లోని పరుగు మాత్రం ఎక్కడికీ పోలేదు.

చురుకైన జాతిని తెచ్చుకునేవాళ్లు మొదట అర్థం చేసుకోవలసింది ఇదే. పొద్దస్తమానం కట్టేసి ఉంచితే ఆ పరుగు తవ్వడంగా, చెప్పులు కొరకడంగా, రాత్రంతా కూతగా బయటికొస్తుంది. అప్పుడు కొడితే కుక్క బెదురుతుంది, బెదిరిన కుక్క కరుస్తుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఒళ్లు అలిసేలా తిప్పాలి. తిప్పడం ఒక్కటే సరిపోదు, దాని బుర్రకూ పని కావాలి. రొట్టెముక్క దాచిపెట్టి వెతికించండి, పిలవగానే వచ్చేలా నేర్పండి. మేకలూ గొర్రెలూ ఉన్న ఇల్లయితే చిన్నప్పటి నుంచే మంద వెంట నడిపించండి.

మన పశ్చిమ ప్రకాశం ఎండల్లో వేళ చూసుకోవాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికి దారి. అరచేతిని తారురోడ్డు మీద ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. దాని మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. చొంగ కారుస్తూ, తూలుతూ, చిగుళ్లు ఎర్రబడితే వడదెబ్బే. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా ఉంచి, పశువుల ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ ఎండల్లోకి సైబీరియా హస్కీని కొనితెచ్చేవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మంచు కోసం పుట్టిన రెండు పొరల బొచ్చది.

పిల్లగా ఉన్నప్పుడు పార్వో టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన వరసలో పూర్తి చేయాలి. మూడు నెలలు నిండాక రేబీస్ టీకా, ఆపైన ఏటేటా. చెవుల మడతల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు పట్టాయేమో రోజూ చూడాలి, వాటివల్ల రక్తానికి సోకే జ్వరాలు వస్తాయి. ఒట్టి అన్నం, మజ్జిగతో ఈ ఒంటికి బలం చాలదు. గుడ్డో మాంసమో కలపాలి. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు పెట్టకూడదు.

ఆ ఇంటాయన ఇప్పుడు తెల్లారకముందే గొలుసు విప్పి చేను గట్ల వెంట దాన్ని తీసుకెళ్తున్నాడు. గుంటను పూడ్చడం మానేశాడు. మధ్యాహ్నం పూట అంచు మీద ఒక చెంబు నీళ్లు పోస్తాడు, అది లోపల ముడుచుకుని కళ్లు మూసుకుంటుంది.