ఈత లేని సీమలో సేవా పరుగు

ఈత, సైకిలు, పరుగు. ఈ మూడింటినీ గడియారం ఆపకుండా ఒకదాని వెంట ఒకటి ముగించే పందెమే ట్రయథ్లాన్. 2000 సిడ్నీ క్రీడలతో ఒలింపిక్స్‌లోకి వచ్చిన రూపంలో ఈత ఒకటిన్నర కిలోమీటరు, సైకిలు 40, పరుగు 10. ఐరన్‌మ్యాన్ ఇంతకు ఎన్నో రెట్లు కఠినం: 3.8 కి.మీ. ఈది, 180 కి.మీ. సైకిలు తొక్కి, ఆపైన పూర్తి మారథాన్ పరుగెత్తాలి. 1978 ఫిబ్రవరిలో హవాయిలో దానికి తొలిసారి దిగినవారు 15 మంది, గట్టెక్కినవారు 12 మంది. ఇలాంటి పందేలకు సేవా జట్లు తోడవడం తర్వాతి ముచ్చట. పందెంలో దిగే మనిషి ముందుగా బంధువులను, స్నేహితులను, ఆఫీసులో తోటివారిని పట్టుకుని కిలోమీటరుకు ఇంత అని చందా మాట తీసుకుంటాడు. పోగైన సొమ్ము ఒక సంస్థకు చేరుతుంది. గెలుపు ఎవరిదన్నది ఆ జట్టుకు అంత పట్టింపు కాదు, చివరిదాకా చేరితే చాలు.

ఇలాంటి జట్లు ఎక్కువగా సొమ్ము ఒకచోటికి పంపి, పందెం మరోచోట ఆడతాయి. అనంతపురంలో జరిగేది ఇందుకు తిరగేసిన పద్ధతి. సొమ్ము ఏ ఊళ్ల కోసమో, కాళ్లు కూడా ఆ ఊళ్ల దారుల మీదికే వస్తాయి. అయితే ఇక్కడ పరుగుంది, సైకిలుకు దారుంది. కరువల్లా ఈతకే.

నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే దించుకోగా మిగిలినదే ఈ పీఠభూమికి దక్కుతుంది. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి డస్సిపోతాయి. ఏడాది సగటు వాన 550 మి.మీ. దగ్గర, అదీ అదనుకు పడదు. పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటే. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు పెన్నహోబిలం జలాశయానికి, శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా ఎత్తిపోసే కృష్ణా నీళ్లు జీడిపల్లికి వస్తాయి కానీ, వాటి కోసం చెరువులూ మడికట్లూ ఎదురుచూస్తుంటాయి. ఆ నీళ్లలో ఈత పందెం పెడదామనడానికి ఎవరికైనా నోరు రాదు. ఒక తరం కిందట పల్లెల్లో పిల్లలు నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని దిగుడు బావుల్లో ఈత నేర్చేవారు. బోర్లు వందల అడుగులు దిగాక ఆ బావుల్లో చాలావాటిలో ఇప్పుడు సర్కారు తుమ్మ మొలిచింది.

అందుకే ఇక్కడ నిలదొక్కుకున్నది ట్రయథ్లాన్ కాదు, దాని చుట్టం: రిలే పద్ధతి అల్ట్రా మారథాన్. 2016లో మొదలైన అనంతపూర్ అల్ట్రా మారథాన్‌లో స్పెయిన్ నుంచి వచ్చిన రన్నర్లు, జిల్లా యువతీయువకులు వంతులవారీగా రాత్రింబగళ్లు పరుగెత్తి దాదాపు 170 కి.మీ. దాటారు. ఈ దూరాన్ని 24 గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక్క కిలోమీటరులో ఇది కష్టమేమీ కాదు. వేకువ మూడింటికి వంతు వచ్చి, జీపులో మడిచి పెట్టిన కాళ్లను చాపి మళ్లీ దిగడమే కష్టం.

స్పెయిన్‌కూ ఈ ఎర్రనేలకూ లంకె విన్సెంట్ ఫెర్రర్. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్‌గా భారతదేశం వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేసిన ఆయన 1968లో దేశం వదలవలసి వచ్చింది. మరుసటి ఏడు తిరిగొచ్చి అనంతపురం చేరాడు. అలా మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ జిల్లా జనం నోట ఒట్టి ‘ఆర్‌డీటీ’. ఆయన 2009 జూన్‌లో కన్నుమూశాడు. బత్తలపల్లి ఆసుపత్రి, పల్లెపల్లెనా ఇళ్లు, అనంతపురంలోని క్రీడా గ్రామం ఆ సంస్థవే. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫెల్ నడాల్ ఇక్కడికే వచ్చి తన ఫౌండేషన్ తరఫున టెన్నిస్ బడి ప్రారంభించాడు. పక్కా ఇల్లు లేని పేద కుటుంబాలకు ఇళ్లు కట్టించడం అల్ట్రా మారథాన్ చందాల ఉద్దేశం. ఆర్‌డీటీ ఇళ్లు ఇంటి ఆడమనిషి పేరనే ఉంటాయి. మామూలు మాటలా వినిపించే ఈ ఒక్క షరతు ఎన్నో కాపురాల్లో బలాబలాలు మార్చింది.

జట్టు ప్రయాణం బెంగళూరు విమానాశ్రయంలో దిగడంతో మొదలవుతుంది. ఆ విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి నగరానికి ఉత్తరాన ఉండటం అనంతపురం వెళ్లేవారికి కలిసొచ్చే సంగతి. ఊరి ట్రాఫిక్ తగలకుండానే 44వ జాతీయ రహదారి ఎక్కి, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ దాటుకుంటూ మూడు నాలుగు గంటల్లో చేరవచ్చు. సైకిలుతో వచ్చేవారి సామాను వేరే తంతు: పెడళ్లు, హ్యాండిలు విప్పి, చక్రాలు ఊడదీసి, టైర్లలో గాలి తగ్గించి పెట్టెలో సర్దాలి.

ఎండలు ముదరక ముందే, చలి ఉన్న నెలల్లో పరుగు పెట్టడం తెలివైన పని. వేసవిలో ఇక్కడ నలభై డిగ్రీలు మామూలే. అయితే ఆ చలి నెలల్లోనే కందులూ ఉలవలూ ఇంటికొస్తాయి. కళ్లం చేసుకునే తీరిక లేని రైతులు కోసిన ఉలవ చెట్లను రోడ్డు మీదే పరుస్తారు, లారీలూ బస్సులూ తొక్కి నూర్చిపెడతాయి. రన్నరుకు అది పాదం కింద మెత్తటి పరుపు, సైకిలుకు మాత్రం గండం: తీగలు గొలుసుకు చుట్టుకుంటే చక్రం అక్కడికక్కడే బిగుస్తుంది. రాత్రి వంతులో నుదుటి దీపం, మెరుపు పట్టీల చొక్కా తప్పనిసరి. ఊరి మొగదల కుక్కలు మాత్రం ఏ దీపాన్నీ లెక్కచేయవు.

పోగైన సొమ్ము రన్నర్ల జేబుల్లో రాదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థకే బయటి విరాళం చేరాలి. 2020 సవరణ తర్వాత అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే. 2025లో ఆర్‌డీటీకి ఈ అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు జిల్లాలో ర్యాలీలు జరిగాయి. విమానం టికెట్టుకు పెట్టిన డబ్బు కూడా ఇళ్లకే పంపొచ్చు కదా అనే ప్రశ్న ఇలాంటి ప్రయాణాలన్నిటికీ ఉంది. అది తీసిపారేసే ప్రశ్న కాదు. కానీ ఒకసారి ఈ దారిన పరుగెత్తి వెళ్లిన మనిషి తర్వాత ఏళ్ల తరబడి చందా అడుగుతాడు. కరపత్రం చూసి ఇచ్చినవాడు ఒకసారి ఇచ్చి మరిచిపోతాడు.

ఆర్‌డీటీకి స్పెయిన్‌లోని తోబుట్టువు, విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్, హైస్కూలుకు దూరం నడిచే పిల్లలకు సైకిళ్ల కోసమూ చందాలు కూడగట్టింది. అవి పందెం సైకిళ్లు కావు. వెనుక క్యారియరు, గంట ఉన్న బరువైనవి. పందెపు సైకిలుకైనా బడి సైకిలుకైనా ఇక్కడ శత్రువులు ఒక్కటే: పల్లేరుకాయ, తుమ్మ ముల్లు. పందెగాడు దారి పక్కనే ట్యూబు మార్చి పాతది జేబులో కుక్కుకుంటాడు. బడిపిల్ల సైకిలును పంక్చరు కొట్టుదాకా తోసుకుపోతుంది. అక్కడ గాలి కొట్టిన ట్యూబును వంతులవారీగా బేసిన్‌లోని నీళ్లలో ముంచి తిప్పుతారు. బుడగ లేచినచోట ముల్లు. ఎండాకాలం ఆ బేసిన్ నీళ్లను రోజుల తరబడి మార్చరు.