ఏబీఎస్ లైటు వెలిగితే సెన్సారు పోయినట్టేనా?

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ రోజుల్లో కొన్న బళ్ల వారంటీలు ఇప్పుడు తీరిపోయాయి. వాటిలో చాలావరకు కడప షోరూముల దాకా పోకుండా కమలాపురం, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు రోడ్ల పక్కనున్న షెడ్లకే వస్తున్నాయి. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు ఆరకుండా వెలుగుతుంటే మెకానిక్ నోట మొదట వచ్చే మాట ‘సెన్సార్ పోయింటాది’. పోయి ఉండొచ్చు. ఆ మాట అనే ముందు చూసుకోవాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగానికి జాకీ, మల్టీమీటరు చాలు.

ముందుగా ఈ సెన్సారు ఎందుకో చూద్దాం. బండి 60 కి.మీ. వేగంతో పోతోంది, గట్టిగా బ్రేకు తొక్కారు, ఒక చక్రం మాత్రం 48 వేగానికి పడిపోయింది. తేడా 12, అంటే 20 శాతం జారుడు. సుమారు 10 నుంచి 30 శాతం జారుడు దగ్గర టైరుకు రోడ్డు మీద పట్టు బాగుంటుంది. అది దాటి చక్రం పూర్తిగా బిగుసుకుంటే బండి ఈడ్చుకుపోతుంది, స్టీరింగు తిప్పినా మాట వినదు. అందుకే ఏబీఎస్ ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడిని తగ్గిస్తుంది, మళ్లీ ఇస్తుంది, మళ్లీ తగ్గిస్తుంది. ఇదంతా నాలుగు చక్రాల వేగమూ కంప్యూటరుకు సరిగ్గా అందితేనే జరుగుతుంది. 1978లో బాష్ కంపెనీ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాసులో వచ్చినప్పటి నుంచి ఈ సూత్రం మారలేదు. మారింది సెన్సారు.

పాత రకం సెన్సారంటే అయస్కాంతం మీద చుట్టిన రాగితీగ, అంతే. పక్కన పళ్ల రింగు తిరుగుతుంటే ఒక్కో పన్ను దాటినప్పుడల్లా తీగలో చిన్న ఏసీ వోల్టేజీ పుడుతుంది. చక్రం నెమ్మదిస్తే వోల్టేజీ కూడా తగ్గుతుంది. గంటకు 5, 7 కి.మీ. కంటే తక్కువలో ఈ రకం దాదాపు గుడ్డిదే. కొత్త రకంలో పళ్లు ఉండవు. హబ్ బేరింగు సీలులోనే ఉత్తర, దక్షిణ ధ్రువాలు వరసగా అద్దిన రింగు ఉంటుంది, దాని ఎదురుగా చిన్న చిప్పు ఉంటుంది. ఆ చిప్పు రెండే మాటలు మాట్లాడుతుంది: 7 మిల్లీ యాంపియర్లు, 14 మిల్లీ యాంపియర్లు. ధ్రువం మారినప్పుడల్లా ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. బండి పాకుతున్నట్టు కదిలినా ఇది పసిగడుతుంది.

ఇప్పుడు ఒక లెక్క. 165/80 ఆర్14 మన దగ్గర బాగా కనిపించే టైరు. దాని వ్యాసం సుమారు 620 మి.మీ., చుట్టుకొలత 1.95 మీటర్లు. ఒక చుట్టుకు 48 పల్సులు అనుకుందాం, చాలా బళ్లలో అంకె దీనికి దగ్గరలోనే ఉంటుంది. 40 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు 5.7 చుట్లు తిరుగుతుంది, కంప్యూటరుకు 274 పల్సులు చేరతాయి. అదే చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో సెకనుకు ఒక చుట్టు తిప్పితే గంటకు సరిగ్గా 7 కి.మీ. వేగం. ఈ 7 గుర్తుంచుకోండి. స్కానరులో లైవ్ డేటా తెరిచి చక్రాన్ని అలా తిప్పితే ఆ చక్రం ఎదురుగా 7కు అటూఇటూ అంకె రావాలి. సున్నా దగ్గరే ఉండిపోయినా, ఎగిరెగిరి పడినా తంటా ఆ చక్రం దగ్గరే. పాత రకం సెన్సారుకు 7 అంచు మీది అంకె కాబట్టి దాన్ని ఇంకాస్త జోరుగా తిప్పి చూడాలి.

స్కానరు అన్నాను కదా, దాని గురించి ఒక జాగ్రత్త. ఫోనుకు తగిలించుకునే చవక బ్లూటూత్ రీడర్లు చాలావరకు ‘పి’తో మొదలయ్యే ఇంజను కోడ్లను మాత్రమే చూపిస్తాయి. బ్రేకులవి ‘సి’ కోడ్లు. రీడరులో ఏ కోడూ లేదు కాబట్టి బండి బాగుందనుకుంటే పొరపాటే. సి కోడ్లు చదివే స్కానరు పెడితే కొన్ని కంపెనీల బళ్లలో సి0035 అంటే ఎడమ ముందు చక్రం, సి0040 కుడి ముందు, సి0045 ఎడమ వెనక, సి0050 కుడి వెనక. మిగతా కంపెనీల అంకెలు వేరు. ఏ అంకె వచ్చినా అది చిరునామా మాత్రమే. ఆ ఇంట్లో దొంగ ఎవరో అది చెప్పదు. సెన్సారు, వైరు, కప్లరు, రింగు, బేరింగు అందరూ ఆ ఒక్క చిరునామాలోనే ఉంటారు.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే 13.5 నుంచి 14.5. వోల్టేజీ 10కి దిగజారితే ఏబీఎస్ తనంతట తానే పక్కకు తప్పుకుని లైటు వెలిగిస్తుంది. ఆ బండికి సెన్సారు మార్చినా ఫలితం లేదు.

తర్వాత కళ్లతో చూడాలి. ముందు చక్రాల వైర్లు స్టీరింగు తిప్పినప్పుడల్లా వంగుతాయి, గుంతలో పడినప్పుడల్లా సాగుతాయి. పైన రబ్బరు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు తెగి ఉంటాయి. అందుకని లైవ్ డేటా చూస్తూ వైరును చేత్తో కదిలించాలి. కదిలించినప్పుడే అంకె పోయి వస్తుంటే సెన్సారుకు డబ్బు పెట్టే పని లేదు.

మన ప్రాంతంలో తప్పు వెంటనే దుమ్ము మీదికి పోతుంది. ఎర్రగుంట్ల బండల ఫ్యాక్టరీలు, చిలంకూరు, నల్లలింగాయపల్లె వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, రోజంతా తిరిగే లారీలు. చక్రాల మీద తెల్లటి పూత కనిపిస్తుంది కాబట్టి అనుమానం సహజమే. కానీ నాపరాయి, సున్నపురాయి పొడిని అయస్కాంతం పట్టుకోదు. సెన్సారు మొన మీద నల్లటి గడ్డంలా పేరుకునేది బ్రేకు డిస్కు అరిగి రాలిన ఇనప పొడి. దాన్ని గుడ్డతో తుడిస్తే చాలు, కొన్నిసార్లు రోగం అక్కడితో కుదురుతుంది. తెల్ల దుమ్ము చేసే హాని ఇంకో దారిలో వస్తుంది. వానకు బురదై మడ్‌గార్డు లోపల పేరుకుని ఎండి గట్టిపడితే వైరు క్లిప్పులు ఊడిపోవచ్చు, వైరు టైరుకు రాసుకోవచ్చు.

నీళ్ల సంగతి వేరు. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కూలిపోయింది. అలాంటి నీళ్లలో దిగిన కారుకు కప్లరు రబ్బరు సీలు బాగాలేకుంటే పిన్నుల మీద పచ్చటి తుప్పు మెల్లగా మొదలవుతుంది. లైటు వెలిగేది నెలల తర్వాత, వరద సంగతి అందరూ మరిచిపోయాక. కప్లరు విప్పి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఇవన్నీ బాగున్నాకే మీటరు. పాత రకానికి ఓములు కొలవచ్చు: చాలా బళ్లలో వెయ్యి నుంచి రెండు వేల ఓముల మధ్య ఉంటుంది, మీ బండికి కచ్చితమైన అంకె మాన్యువల్లో చూడాలి. ఓపెన్ అని చూపిస్తే తీగ తెగినట్టు, సున్నాకు దగ్గరైతే షార్టు. రెండు వైపుల సెన్సార్లనూ కొలిచి పోల్చుకోవడం ఇంకా మేలు. కొత్త రకానికి మాత్రం ఓముల పని పెట్టుకోకూడదు. చిప్పుకు ఆ అంకెతో అర్థం లేదు, పైగా మీటరు కరెంటుకు అది దెబ్బతినే ప్రమాదం ఉంది. కప్లరు విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కంప్యూటరు వైపు నుంచి వోల్టేజీ వస్తోందా అని చూడాలి. చాలా బళ్లలో అది బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఉంటుంది. రాకపోతే తప్పు సెన్సారుది కాదు, పైన వైరింగుదో కంప్యూటరుదో. వస్తే మీటరును మిల్లీ యాంపియర్లలో పెట్టి, ఒక వైరు దారిలో సిరీసుగా కలిపి, చక్రాన్ని బాగా మెల్లగా తిప్పాలి. అంకె 7, 14 మధ్య దూకుతుంటే సెన్సారు బతికే ఉంది.

ఈమధ్య బేరింగు మార్చారా అని అడగడం ఈ మీటర్లన్నిటికన్నా పదునైన పరీక్ష. ధ్రువాల రింగు చూడటానికి మామూలు నల్ల సీలులాగే ఉంటుంది. బేరింగును తిరగేసి ప్రెస్ చేస్తే అది సెన్సారుకు అవతలి వైపు పోతుంది. బండి చక్కగా నడుస్తుంది, చప్పుడు ఉండదు, ఏబీఎస్ లైటు మాత్రం వెలుగుతుంది. అప్పుడు ఎన్ని సెన్సార్లు మార్చినా అంతే. ప్రెస్ చేసే ముందు ఏ వైపు అయస్కాంత గుణం ఉందో చిన్న ఇనప పిన్ను పెట్టి చూసుకోవచ్చు. ఇనప రజను ఉన్న బల్ల మీద ఆ బేరింగును పెట్టకపోవడమూ ముఖ్యమే.

కోడ్ లేకుండా వచ్చే తంటా ఇంకోటుంది. రైలు గేటు ముందు మెల్లగా ఆపుతుంటే చివరి గజంలో పెడలు కింద గరగరమంటుంది, బండి అనుకున్న చోటు దాటి ఆగుతుంది. పాత రకంలో రింగుకు, సెన్సారుకు మధ్య సందు మిల్లీమీటరుకు అటూఇటూ. కింద తుప్పు ఉబ్బి సెన్సారును కొద్దిగా పైకి నెడితే తక్కువ వేగంలో సంకేతం ముందే చచ్చిపోతుంది, ఆ చక్రం బిగుసుకుందని కంప్యూటరు భ్రమపడుతుంది. రింగులో ఒక పన్ను విరిగినా ఇలాంటిదే: 48లో ఒక పల్సు తప్పితే ఆ క్షణానికి 40 వేగం 20గా కనబడుతుంది, అదీ ప్రతి చుట్టుకూ ఒకసారి.

టైర్లు కూడా అబద్ధం చెప్పగలవు. ఒక్క చక్రానికి 175/65 ఆర్14 వేస్తే వ్యాసం 583 మి.మీ.కు తగ్గుతుంది. మిగతా మూడు 60 అంటుంటే అది 64 అంటుంది. కొత్త టైరుకు, పూర్తిగా అరిగిన టైరుకు మధ్య తేడా 2 శాతమే కాబట్టి సాధారణంగా దానికి లైటు వెలగదు.

పసుపు లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, తడి రోడ్డు మీద మాత్రం ఎదుటి బండికి ఎక్కువ దూరం వదలాలి. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే బండి పక్కకు ఆపాల్సిందే: ఆయిలు తగ్గి ఉండొచ్చు, వెనక చక్రాల బ్రేకు పంపకమూ దెబ్బతిని ఉండొచ్చు. పాత కారు కొనేవాళ్లు ఇగ్నిషన్ ఆన్ చేసి ఏబీఎస్ లైటు మూడు నాలుగు సెకన్లు వెలిగి ఆరుతుందో లేదో చూడాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేసి ఉండొచ్చు, బేరం మొదలుపెట్టకముందే అమ్మేవాణ్ణి అడగాలి.