ఊక లెక్క: రంగం మిల్లుల నుంచి ఇసుక బాయిలర్ దాకా

యాంగోన్‌లోని సంచౌంగ్‌లో కరెంటు పోయిందంటే వీధి పొడవునా జనరేటర్ల మోత, డీజిలు పొగ. పక్కనే అహ్లోన్‌లో సహజవాయువుతో నడిచే విద్యుత్కేంద్రం ఉంది. అయినా 2021 తర్వాత నగరానికి కోతలు తప్పలేదు. మనవాళ్లు రంగం అని పిలిచిన ఇదే ఊళ్లో వందేళ్ల కిందట భారీ యంత్రాలు పైసా పెట్టి కొనక్కర్లేని ఇంధనంతో తిరిగాయి. ఆ ఇంధనం వరి ఊక.

1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా (ఇప్పటి మయన్మార్) బియ్యానికి యూరప్ దగ్గరైంది. రంగంలోని పజుండౌంగ్ కాలవ గట్టున ఆవిరి మిల్లులు లేచాయి. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కి మేస్త్రీల వెంట రంగం చేరిన తెలుగు కూలీలు ఆ మిల్లుల్లో బస్తాలు మోశారు, ధాన్యం ఎత్తారు. బొగ్గు ఓడల మీద రావాలి. ఊక మాత్రం మిల్లులోనే పుడుతుంది. నూరు కిలోల ధాన్యం ఆడిస్తే దాదాపు ఇరవై కిలోల ఊక వస్తుంది. కిలో ఊక కాలిస్తే మూడు వేల కిలోకాలరీల పైచిలుకు వేడి. మిల్లు తన కడుపు తాను నింపుకోగా ఇంకా మిగిలేది.

అయితే ఊకను కాల్చడం తేలిక కాదు. గుప్పెట పట్టి చూడండి, బరువే ఉండదు. ఘనమీటరు ఊక నూరు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. నిప్పు తగలగానే అందులో సగానికి పైగా వాయువుగా మారి పైకి లేస్తుంది. పైన గాలి చాలకపోతే ఆ వాయువంతా పొగగొట్టం దారి పడుతుంది. మిగిలిన బొగ్గు చుట్టూ సిలికా గూడు ఉండడంతో లోపలికి గాలి సరిగా చేరదు. అందుకే ఊకపోగు పైకి ఆరినట్టు కనిపిస్తూ లోపల రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది.

దీనికి నాటి మిల్లులు వాడిన ఉపాయం మెట్ల పొయ్యి. ఏటవాలుగా పేర్చిన ఇనుప మెట్ల మీదుగా ఊక జారుతూ కాలుతుంది, మెట్ల సందుల్లోంచి గాలి దూరుతుంది. బాయిలర్ నడిచేది కానీ బూడిద నల్లగా దిగేది. నలుపంటే కాలని కార్బన్, అంటే చేజారిన వేడి.

ఆ నలుపును వదిలించే దారి వేరే అవసరం నుంచి పుట్టింది. 1920ల్లో జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ నాసిరకం బొగ్గును గ్యాసుగా మార్చే ప్రయత్నంలో, నలిగిన గింజల పొరలోకి కిందినుంచి గాలి ఊదాడు. గాలి వేగం ఒక హద్దు దాటగానే ఆ గింజలు ఎసరులా తెర్లడం మొదలుపెట్టాయి. ఇదే ఫ్లూయిడైజ్డ్ బెడ్. తర్వాత దశాబ్దాల్లో దీన్నే బాయిలర్‌గా మలిచారు. కాగిన ఇసుక పొరలో ఇంధనం ఏ క్షణాన చూసినా కొద్ది శాతమే ఉంటుంది. పడ్డ ప్రతి ఊక పొట్టునూ ఎర్రటి ఇసుక చుట్టుముట్టి రుద్దుతుంది, బూడిద పొర రాలిపోతుంది, గాలి లోపలికి చేరుతుంది. పొర వేడి 800–900 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వరు. 1,500 డిగ్రీల మంటల్లో గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి విషవాయువులవుతుంది. ఇక్కడ ఆ బెడద బాగా తక్కువ.

మన దగ్గరికి వస్తే, 2000ల్లో ఆంధ్రప్రదేశ్‌లో వెలసిన చిన్న బయోమాస్ విద్యుత్కేంద్రాలకు ఊక ముఖ్యమైన మేత. ఒకప్పుడు మిల్లు యజమాని ఎవరైనా తీసుకెళ్తే చాలనుకున్న ఊకకు బేరం మొదలైంది, ధర పెరిగింది. ఇటుక బట్టీలు, ఇతర బాయిలర్లు కూడా పోటీకి వచ్చాయి. చవక ఇంధనాన్ని నమ్ముకున్న కేంద్రాలకు ఖర్చు పెరిగింది.

మయన్మార్ మరో దారి పట్టింది. పల్లెల్లో, చిన్న మిల్లుల్లో వందలాది ఊక గ్యాసిఫయర్లు వచ్చాయి. వీటిలో చాలీచాలని గాలితో ఊకను మగ్గబెడితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన గ్యాసు పుడుతుంది. దాన్ని నీటితో కడిగి పాత ఇంజన్‌లోకి పంపితే జనరేటర్ తిరుగుతుంది. గ్రిడ్ చేరని ఊళ్లలో దీపాలు వెలిగాయి. పొగ కూడా పెద్దగా లేదు. కానీ గ్యాసును కడిగిన నీటిలోకి తారు దిగుతుంది. శుద్ధి చేయకుండా వదిలితే ఆ నల్లనీళ్లు కాలవలో కలుస్తాయి.

బూడిదకూ లెక్కుంది. ఊకలో అయిదో వంతు దాకా బూడిదే, అందులో తొంభై శాతం సిలికా. అదుపైన వేడిలో కాలిస్తే అది స్ఫటికంగా గట్టిపడదు. దాన్ని సిమెంటులో కలిపి వాడుకోవచ్చని 1970ల్లో బర్క్‌లీలో పి.కె. మెహతా చూపించారు. వేడి మితిమీరి చాలాసేపు మాడితే మాత్రం అది క్రిస్టోబలైట్ అనే స్ఫటికం అవుతుంది. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఊక పొలంలో పెరిగేటప్పుడు గాలి నుంచి తీసుకున్న కార్బన్‌నే కాలుతూ తిరిగి ఇస్తుంది, కాబట్టి దీన్ని శుభ్రమైన ఇంధనం అంటారు. ఆ మాట సగమే నిజం. పొగగొట్టం తెల్లగా ఉన్నంత మాత్రాన మురికి మాయమైనట్టు కాదు, అది నీళ్లలోకో బూడిదలోకో మారి ఉండొచ్చు. ఊళ్లోకి ఊక కేంద్రం వస్తుందంటే ఎన్ని మెగావాట్లని అడిగే ముందు కడిగిన నీళ్లు ఎటు పోతాయో, బూడిద ఎవరు తీసుకెళ్తారో అడగాలి. వీటికి జవాబు చెప్పలేని యంత్రం ఎంత కరెంటు ఇచ్చినా దాని ఖర్చులో కొంత కాలవ గట్టు జనం మీదే పడుతుంది.