దారి ఉన్నది, పేరు దొరకదు

గత పరీక్షల కాలమున మేము ఇంటి నుండి గ్రంథాలయపు పుస్తక సూచికను చూడబోయితిమి. వీపీఎన్ కలిసినదని తెరపై కనబడినది. సూచిక పేరు టైపు చేయగా మాత్రము "సర్వరు దొరకలేదు" అను జవాబే వచ్చినది. రెండు సాయంత్రములు వృథా అయిన పిదప కారణము తెలిసినది.

అంతర్జాలమున యంత్రములు అంకెల చిరునామాలతో ఒకదానినొకటి గుర్తించును. మనము వ్రాయు పేరునకు ఆ అంకెలను వెదకి ఇచ్చు ఏర్పాటే డీఎన్ఎస్. దీనిని 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిరి. వీపీఎన్ అనగా బహిరంగ మార్గముననే గుప్తముగా సాగు సొంత దారి. సంస్థ లోపలి పేర్లు సాధారణముగా ఆ సంస్థ డీఎన్ఎస్ సర్వరుకే తెలియును.

మేమేమో వేగము కొరకు ఎన్నడో 8.8.8.8 అను గూగుల్ వారి సర్వరును కంప్యూటరులో స్థిరముగా వ్రాసి యుంచితిమి. వీపీఎన్ కలిసినను కంప్యూటరు దానినే అడుగుచుండెను. గల్లీ లోపలి ఇంటి గుర్తును పెద్ద బజారు దుకాణదారుని అడిగినట్లున్నది మా పని! ఆయన మంచివాడే, ఆ ఇల్లు మాత్రము ఎరుగడు. విండోస్ 10 అన్ని మార్గములందును ఒకేసారి ప్రశ్న పంపి, ముందు వచ్చిన జవాబును గ్రహించుటయు కలదు. అప్పుడు పని ఒకసారి జరిగి, మరొకసారి జరుగదు. అంతకంటె చింతింపదగినది, మనము వెదకు పేర్లు వీపీఎన్ వెలుపలివారికి తెలిసిపోవుట.

పరీక్షించు విధము కష్టము కాదు. గ్రంథాలయము వారిని అడిగి తెలిసికొన్న అంకెల చిరునామాకు పింగ్ పంపవలెను. జవాబు వచ్చినచో దారి బాగున్నది, లోపము పేరు వెదకుటలోనే యున్నది. (కొన్ని సర్వర్లు పింగ్‌కు మౌనము వహించును, జవాబు రానంతనే దారి లేదనరాదు.) పిమ్మట కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ అని వ్రాసి, పక్కన సూచిక పేరు చేర్చవలెను. ఎవరిని అడుగుచున్నదో మొదటి పంక్తులలోనే కనబడును. మాకు అచ్చట 8.8.8.8 కనబడినది.

పాత అమరికను నోటుపుస్తకమున వ్రాసికొని, డీఎన్ఎస్‌ను ఆటోమేటిక్‌కు మార్చితిమి. వీపీఎన్‌ను విడదీసి మరల కలిపి, ఐపీకాన్ఫిగ్ ఆజ్ఞకు ఫ్లష్‌డీఎన్ఎస్ అను మాట జోడించి, కంప్యూటరు జ్ఞాపకముననున్న పాత జవాబులను తుడిచితిమి. అయినను బ్రౌజరు మొండికేసినది! అందులో "సెక్యూర్ డీఎన్ఎస్" అను వేరొక అమరిక కలదు; అది కంప్యూటరును అడుగక తానే బయటివారిని అడుగును. దానిని ఆపగానే సూచిక తెరుచుకొన్నది.

దీనికి విలోమముగా, వీపీఎన్ మధ్యలో తెగినపుడు దాని డీఎన్ఎస్ చిరునామా కంప్యూటరులోనే నిలిచి, ఏ పేరును తెరుచుకొనకపోవుటయు కలదు. అపుడును ఆటోమేటిక్ అమరికయే మందు.