పాత స్లాబుకు ఏ పూత? డబ్బా చూసి కాదు.. కప్పు చూసి కొనండి

ఊళ్లో రోడ్డు పక్కన రెండు మడిగెలు కట్టించి కిరాయికి ఇచ్చారా? వడ్లు, విత్తనాలు, ఎరువుల బస్తాలు పెట్టుకునే స్లాబు గది ఉందా? కట్టి ఇరవై, ముప్పై ఏండ్లు దాటిందా? అయితే మృగశిర కార్తె రాకముందే ఒకసారి నిచ్చెన వేసుకుని డాబా ఎక్కండి. వాన మొదలయ్యాక ఎక్కితే చేసేదేమీ ఉండదు.

కప్పు కురిస్తే నష్టం ఒకటి కాదు. చెమ్మ తగిలిన యూరియా గడ్డ కడుతుంది. విత్తన వడ్లలో తేమ 13 శాతం మించకూడదు. నెమ్ము గోడకు ఆనించిన బస్తా తేమ పీల్చుకుంటే మొలక దెబ్బతింటుంది. మడిగె కురిస్తే కిరాయికి ఉన్నవాడు ఖాళీ చేసి పోతాడు. చిన్న రైతుకు ఆ కిరాయే రెండు పంటల నడుమ చేతి ఖర్చు.

పట్నంలో కనిపించే పాఠం

ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలను చూడటానికి మనలో చాలామంది హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ పోతుంటారు. పక్కనే చిక్కడపల్లి, నగర కేంద్ర గ్రంథాలయం. ఇంకొంచెం నడిస్తే నారాయణగూడ. ఈసారి పోయినప్పుడు పిల్లవాడి హాస్టలు డాబా ఎక్కి నాలుగు వైపులా చూడండి. కింద దుకాణాలు, పైన కోచింగ్ గదులు, ఆపైన హాస్టళ్లు ఉన్న పాత కట్టడాలు ఎన్నో కనిపిస్తాయి. కొన్నింటి మీద తెల్లపూత, కొన్నింటి మీద నల్లటి తారు అతుకులు, కొన్నింటి మీద రేకులు. ఒకే వీధిలో, ఒకే వానకు, ఒక్కో కప్పుకు ఒక్కో మందు వేశారు.

కొన్నిచోట్ల పూత నిలుస్తుంది, కొన్నిచోట్ల ఏడాది తిరగకుండానే పొక్కులు లేచి పొరలు పొరలుగా ఊడుతుంది. చాలాసార్లు తేడా డబ్బాలో ఉండదు. కింద ఉన్న కప్పులో ఉంటుంది. మన ఊరి మడిగెకైనా, పట్నం దుకాణానికైనా ఇదే సూత్రం. ముందు రోగం తేల్చుకోవాలి, తర్వాతే మందు కొనాలి.

మొదట ఈ నాలుగు పరీక్షలు

ఒకటి. గది లోపల పైకప్పు చూడండి. పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన సలాకలు బయటపడితే పూత జోలికే పోవద్దు. ముందు ఇంజనీరుకు చూపించండి. పూత గొడుగు లాంటిది, ఊతకర్ర కాదు. నీటిని ఆపుతుందే గాని స్లాబును మోయదు. అలాంటి కప్పుకు పైన రంగు వేస్తే ప్రమాదాన్ని దాచిపెట్టినట్టే.

రెండు. వానలు లేని రోజుల్లో కూడా చెమ్మ కనబడుతుందా? అయితే తప్పు స్లాబుది కాకపోవచ్చు. పైనున్న నీళ్ల ట్యాంకు, పైపు అతుకులు చూడండి. వంద రూపాయల పైపు ముక్కతో పోయేదానికి వేలు పోసి పూత వేయించిన వాళ్లు ఉన్నారు.

మూడు. నీరు ఎక్కడ నిలుస్తుందో గమనించండి. వాన వెలిసిన రెండు రోజులకు కూడా ఇంకకుండా ఉన్న చోట సుద్దతో గీత గీసి పెట్టుకోండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు చోట అంగుళం లోతు నీరు నిలిస్తే దాని బరువు సుమారు 236 కిలోలు. అంటే 45 కిలోల యూరియా బస్తాలు ఐదు స్లాబు మీద పేర్చినట్టు. ఇది పూతతో పోయే బాధ కాదు. తూము వైపు వాటం సరిచేయాలి. పదడుగులకు ఒక అంగుళానికి కొంచెం పైగా వాలు ఉంటే నీరు తనంతట తానే జారిపోతుంది.

నాలుగు. స్లాబు లోపల తడి ఉందో లేదో చూడండి. ఒకటిన్నర అడుగుల చదరం పాలిథీన్ కాగితం పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అంటించండి. సాయంత్రం వేసి మరునాడు తీయండి. కనీసం 16 గంటలు ఉండాలి. కాగితం అడుగున నీటి బిందువులు కనిపిస్తే స్లాబు ఇంకా ఆరలేదు. అలాంటప్పుడు పూత వేస్తే లోపలి తడి ఎండకు ఆవిరై పూతను పైకి తన్నుతుంది. పొక్కులు వచ్చేది ఇందువల్లే.

ఏ కప్పుకు ఏ పూత

సున్నం: అన్నిటికన్నా చవక. వేసవిలో కోళ్ల షెడ్ల రేకులకు సున్నం కొట్టడం మనకు తెలిసిందే. గది చల్లబడుతుంది. కానీ సున్నం నీటిని ఆపదు. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. కురవని కప్పు, వేడి మాత్రమే బాధ అయితే ఇది చాలు.

అక్రిలిక్ పూత: నీళ్లలో కలిపేది, రబ్బరులా సాగేది. ఎండకు తట్టుకుంటుంది, సన్నటి పగుళ్లను కప్పుతుంది. వాలు బాగున్న స్లాబుకు నప్పుతుంది. నీరు నిలిచే కప్పుకు మాత్రం పనికిరాదు. రోజుల తరబడి నీటిలో నానితే మెత్తబడి ఊడుతుంది.

పాలీయురెథేన్, సిలికాన్: ఖరీదు ఎక్కువ. కొంత నీరు నిలిచినా ఓర్చుకుంటాయి. సిలికాన్‌తో ఒక చిక్కు ఉంది. ఒకసారి వేస్తే దాని మీద వేరే రకం పూత సరిగా అంటదు. మళ్లీ వేయాలన్నా సిలికానే వేయాలి. దుమ్ము కూడా తొందరగా పడుతుంది.

తారు పూత, తారు షీట్లు: నీటిని బాగా ఆపుతాయి. కానీ నల్లగా ఉండి ఎండను పీల్చుకుంటాయి, కింది గది కుంపటి అవుతుంది. ఎండకు ఎండి పగులుతాయి కూడా. పైన అల్యూమినియం రంగో, వేరే కప్పో వేయక తప్పదు.

సిమెంటులో కలిపే రెండు భాగాల పూత: నీళ్ల తొట్లకు, బాత్‌రూములకు బాగుంటుంది. ఎండ తగిలే డాబా మీద వేస్తే దానిపై మరో రక్షణ పొర ఉండాలి.

జింకు రేకులు: తుప్పును తీగ బ్రష్షుతో గీకి, తుప్పు నిరోధక ప్రైమర్ వేసి, ఆ తర్వాతే పూత వేయాలి. బోల్టుల కింద చెడిపోయిన వాషర్లు మార్చాలి. రేకుల షెడ్డులో నీరు ఎక్కువగా దిగేది అక్కడినుంచే.

సిమెంటు రేకులతో జాగ్రత్త

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. పొడిగా గీకినా, మిషన్‌తో రుద్దినా ఆ నార దుమ్ముగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏండ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది. అందుకే పొడిగా ఊడ్వవద్దు, రుద్దవద్దు. నాచు ఉంటే తడిపి మెల్లగా తుడవండి. ఇంకో సంగతి, పాత రేకు మనిషి బరువు ఆపదు. కాలు పెట్టగానే విరిగి కింద పడతారు. అడ్డకర్రల మీద చెక్కలు వేసుకుని పని చేయాలి. పగిలిన రేకుకు పూత వేయడం కన్నా మార్చడమే మేలు.

చల్లదనం వేరు, కురవకపోవడం వేరు

బజారులో ‘చల్లటి కప్పు’ రంగులు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లటి కప్పులు చేయాలన్నది లక్ష్యం. అంతకుముందు 2017లో హైదరాబాద్‌లో 25 పేద ఇళ్ల కప్పులపై తెల్లటి పొర పరిచి చూస్తే, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది.

ఇది మంచిదే. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. ఎండను తిప్పికొట్టే ప్రతి రంగూ నీటిని ఆపదు. నీటిని ఆపే ప్రతి పూతా చల్లదనం ఇవ్వదు. మీకు రెండూ కావాలంటే డబ్బా మీద రెండూ రాసి ఉన్నాయా అని చదివించుకుని కొనండి. తెల్లపూత మీద దుమ్ము పేరుకుంటే చల్లదనం తగ్గుతుంది. ఏటా ఒకసారి కడగాలి.

లెక్క ఇలా వేయండి

డబ్బా ధర చూసి చవక అనుకోవద్దు. ఒక లీటరు రెండు కోట్లకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో అడగండి. 25 అడుగులు వస్తుందంటే 500 అడుగుల డాబాకు 20 లీటర్లు కావాలి. అప్పుడు మొత్తం ధరను 500తో భాగించండి. వచ్చేదే అసలు ధర. దానికి మేస్త్రీ కూలి, పగుళ్ల ఖర్చు కలపండి. నీళ్లు ఎక్కువ కలిపి పలచగా వేస్తే ఆదా అయినట్టు కనబడుతుంది, పొర మందం రాక పూత పనికిరాకుండా పోతుంది.

పని పద్ధతి

వడగండ్లో, మబ్బులో లేని ఎండ రోజులు చూసుకోండి. నాచు, ఊడిన పాత పూత గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. పగుళ్లను కొంచెం వెడల్పు చేసి, సాగే మందుతో నింపండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా మెత్తి, పైన ఫైబరు జాలీ పరచండి. నీరు ఎక్కువగా దిగేది ఈ మూలనుంచే, తూము చుట్టునుంచే. మొదటి కోటు అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా వేయించండి. మిట్టమధ్యాహ్నం స్లాబు కాలుతున్నప్పుడు వేయవద్దు. పొద్దున్నే గాని, ఎండ తగ్గాక గాని వేయాలి.

ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి చదరపు అడుగుల డాబా మీద సుమారు 930 లీటర్ల నీరు పడుతుంది. అదంతా ఒకటి రెండు తూముల్లోంచే పోవాలి. ఎంత ఖరీదైన పూత వేసినా, తూములో ఎండుటాకులు ఇరికితే అంతే సంగతులు. మృగశిర ముందు ఒకసారి, వానకాలం నడుమ ఒకసారి చేయి పెట్టి తీసేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పొలంలో మడి గట్టు తెగితే మందు చల్లం, గట్టు వేస్తాం. కప్పు సంగతీ అంతే. నీరు ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకున్న రైతుకు సగం పని అయినట్టే. మిగతా సగానికే డబ్బా కొనండి.